తాత భుజం మీది ఇత్తడి అక్షరాలు: మీ ప్రశ్నలు, మా జవాబులు

పాత మిలిటరీ ఫొటోలు పంపి ‘ఈ బిళ్ల ఏంటి, మావాడు ఏ పల్టన్లో పనిచేశాడు’ అని అడిగేవాళ్లు ఈమధ్య బాగా ఎక్కువయ్యారు. అందుకే ఈ సంచిక మొత్తం వాటికే ఇచ్చేశాం. ఇంటివాళ్లు వద్దన్నారు కాబట్టి ఫొటోలు అచ్చు వేయడం లేదు, అందులో ఏం కనబడుతోందో ప్రశ్నలోనే ఉంటుంది.

ప్రశ్న: మా అబ్బ స్టూడియోలో నిలబడి తీయించుకున్న ఫొటో ఒకటి ఇంట్లో ఉంది. వెనక బెంగుళూరు స్టూడియో ముద్ర ఉంది, తేదీ లేదు. టోపీ బిళ్లలో ఏనుగు లాంటిది కనిపిస్తోంది. భుజం మీద ఏవో ఇత్తడి అక్షరాలు. మా చిన్నాయన ‘మద్రాస్ రెజిమెంట్’ అంటాడు. మా మేనత్తేమో ‘కాదు, బ్రిడ్జీలు కట్టే వాళ్లలో ఉండె’ అంటుంది. ఎవరి మాట నమ్మాలి? (పాఠకుడు, చిత్తూరు)

జవాబు: మీ మేనత్త మాటే నిజమనిపిస్తోంది. అందరిలాగే మీరూ టోపీ బిళ్లతో మొదలుపెట్టారు, చిక్కంతా అక్కడే ఉంది. స్టూడియో లైటు పడి లోహం మెరిసిపోతుంది, ఫొటోలో గోరంత కూడా లేని ఆ తెల్లటి మచ్చలో ఏనుగు ఉందనుకుంటే ఏనుగు, సింహం ఉందనుకుంటే సింహం కనబడుతుంది. ముందు భుజం చూడండి. చొక్కా భుజం పట్టీ చివర, చెయ్యి మొదలయ్యే చోట, కాస్త వంపుగా ఇత్తడి అక్షరాలు ఉంటాయి. వాటిని షోల్డర్ టైటిల్ అంటారు. బిళ్లలో బొమ్మ ఉంటుంది, ఇక్కడ నేరుగా పేరే ఉంటుంది, ఊహించాల్సిన పని తక్కువ.

మీరు పంపిన స్కానులో మొదటి అక్షరం గుండ్రంగా ఉండి కింద చిన్న తోక కనబడుతోంది. ఇంగ్లీషు క్యూ అది. మన వైపు మనుషులు చేరే దళాల్లో క్యూ తో మొదలయ్యేది క్యూ.వి.ఓ., అంటే క్వీన్ విక్టోరియాస్ ఓన్ మద్రాస్ సాపర్స్ అండ్ మైనర్స్. బ్రిడ్జీలు కట్టడం, రోడ్లు వేయడం, మందుపాతరలు పెట్టడం, తీయడం వీళ్ల పని. స్థావరం బెంగుళూరులో, అలసూరు చెరువు పక్కన. ఇప్పుడు మద్రాస్ ఇంజనీర్ గ్రూప్ అంటున్నారే, అదే. కాబట్టి స్టూడియో ముద్ర కూడా సరిపోతోంది, అయితే దానికి మరీ విలువ ఇవ్వకండి, బెంగుళూరు పెద్ద కంటోన్మెంటు, ఎక్కడెక్కడి సిపాయిలో సెలవు దొరికితే వెళ్లి ఫొటో దిగి ఇంటికి పంపేవాళ్లు.

ఇంకో మాట, ఆయన్ని ఎవరైనా ‘తంబి’ అనేవాళ్లా అని మేనత్తను అడిగి చూడండి. ఆ దళం సిపాయిలకు ఆ పేరు సైన్యమంతటా ఉంది. అదే మద్రాస్ రెజిమెంటు మనిషైతే పిల్లల్ని తరుముతూ ‘వీర మద్రాసీ, అడి కొల్లు, అడి కొల్లు’ అని అరిచిన జ్ఞాపకం ఇంట్లో ఎవరికో ఒకరికి ఉంటుంది, అది వాళ్ల యుద్ధ నినాదం. ఇలాంటి ముక్కలు ఫొటోలో దొరకవు, ముసలివాళ్లు ఉండగానే అడిగి రాసుకోవాలి.

ఏనుగు సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే అది ఊరికే వచ్చిన బొమ్మ కాదు. 1803 సెప్టెంబర్ 23న మహారాష్ట్రలోని అస్సాయే దగ్గర మరాఠాలతో జరిగిన యుద్ధంలో మద్రాసు పల్టన్లు పాల్గొన్నాయి, దానికి గుర్తుగా ఏనుగును ఇచ్చారు. ఇవాళ మద్రాస్ రెజిమెంటు బిళ్లలో డాలు మీద ఉన్నది ఆ అస్సాయే ఏనుగే, వెనక రెండు కత్తులు అడ్డంగా ఉంటాయి. అయితే ఒక తెల్ల పల్టను, హైలాండ్ లైట్ ఇన్‌ఫాంట్రీ, కూడా అదే యుద్ధం పేరు చెప్పి ఏనుగును పెట్టుకుంది. కాబట్టి ఏనుగు కనబడగానే మనవాళ్లే అనుకోవడానికి లేదు.

చిన్నాయనకు చెప్పాల్సిన ముఖ్యమైన విషయం తేదీలది. పాత మద్రాస్ రెజిమెంటు రెగ్యులర్ పల్టన్లను 1928 నాటికి రద్దు చేసేశారు, అంతకు ముందునుంచే కొన్ని జాతులే యుద్ధానికి పనికొస్తాయనే ‘మార్షల్ జాతుల’ సిద్ధాంతం పట్టుకుని తెలుగువాళ్లను చేర్చుకోవడం బాగా తగ్గించేశారు. రెండో ప్రపంచ యుద్ధం ముంచుకొచ్చాక, 1941లో, మళ్లీ మనుషులు కావాల్సి వచ్చి దాన్ని నిలబెట్టారు. కాబట్టి మీ ఫొటో 1930లలోది అయితే ఆయన మద్రాస్ రెజిమెంటులో ఉండే అవకాశం చాలా తక్కువ.

మరి తేదీ ఎలా? బిళ్ల పైభాగం చూడండి. కిరీటం ఉంటే 1950కి ముందుది, అశోక స్తంభం సింహాలుంటే తర్వాతిది. 1950 జనవరి 26న రిపబ్లిక్ అయ్యాక సైన్యంలో కిరీటాలన్నీ పోయి సింహాలు వచ్చాయి, అధికారుల భుజాల మీద కూడా. మసక ఫొటోలో కిరీటం పైన గుండ్రంగా బోర్లించిన గిన్నెలా ఉంటుంది, సింహాలు నిలువుగా కట్టెలా ఉంటాయి, కళ్లు చికిలించి చూస్తే తేడా తెలిసిపోతుంది. మీ అబ్బ టోపీ మీద ఉన్నది గుండ్రటి అంచే.

చేతి మీద వి ఆకారంలో పట్టీలున్నాయా అన్నది కూడా చూసుకోండి. ఒకటైతే లాన్స్ నాయక్, రెండైతే నాయక్, మూడైతే హవల్దారు. ‘మా తాత మేజరు’ అని ఊళ్లో చెప్పుకునే ఇళ్లలో చాలాసార్లు ఆయన సుబేదార్ మేజర్ అయి ఉంటాడు. అదేం చిన్న హోదా కాదు, సిపాయిగా చేరిన మనిషి పల్టన్లో అంతవరకు ఎదిగాడంటే మామూలు సంగతా!

టోపీలూ బిళ్లలూ మన వైపు ఎంత పెద్ద గొడవ తెచ్చాయో చిత్తూరు వాళ్లకు వేరే చెప్పాలా, వేలూరు పక్కనే కదా. సిపాయిలు కొత్త రకం తలపాగా పెట్టుకోవాలి, దానికి తోలుతో చేసిన కుచ్చు ఉంటుంది, నుదుట బొట్టూ చెవులకు పోగులూ ఉండకూడదు అని కంపెనీవాళ్లు హుకుం జారీ చేస్తే 1806 జులై 10న వేలూరు కోటలో తిరుగుబాటు లేచింది. 1857 కంటే అర్ధ శతాబ్దం ముందు.

ప్రశ్న: మా తాత ఎడమ చేతి పైభాగాన చిన్న గుడ్డ ముక్క కుట్టి ఉంది, దాని మీద పిల్లి బొమ్మ. మా పిల్లలు చూసి నవ్వుతున్నారు. ఇది నిజంగా మిలిటరీదేనా? ఇంట్లో బర్మా యుద్ధం అని చెప్పేవాళ్లు. (పాఠకురాలు, శ్రీకాళహస్తి)

జవాబు: పిల్లల్ని నవ్వనివ్వండి గానీ ఆ పిల్లిని చూసి అప్పట్లో నవ్వినవాళ్లు తక్కువ. అది 17వ భారత డివిజన్ గుర్తు, నల్ల పిల్లి. 1942లో జపాన్ వాళ్ల ముందు బర్మా నుంచి కాలినడకన వెనక్కి వచ్చిన డివిజన్ అది, 1945 మార్చిలో మెయిక్టీలా పట్టణాన్ని పట్టుకున్నదీ అదే. మొదట్లో వాళ్ల గుర్తు మెరుపు, పిల్లి తర్వాత వచ్చింది. కాబట్టి పిల్లి ఉందంటే ఫొటో యుద్ధం మొదటి రోజులది కాదు.

అయితే ఒక తిరకాసు ఉంది. ఇవాళ్టి మన సైన్యంలోనూ 17వ డివిజన్ ఉంది, చైనా సరిహద్దు వైపు, వాళ్లదీ నల్ల పిల్లే. అందుకని టోపీ బిళ్లలో కిరీటమా సింహాలా అన్నది ఇక్కడా చూసుకోవాల్సిందే. సింహాలుంటే బర్మా కాదు, సిక్కిం.

చేతి మీది గుడ్డ చెప్పేది డివిజన్ సంగతి. డివిజన్ అంటే వేలమంది, అందులో కాల్బలం, ఫిరంగులవాళ్లు, ఇంజనీర్లు, లారీ డ్రైవర్లు, ఆస్పత్రి వాళ్లు, వంటవాళ్లు అందరూ ఉంటారు, అందరి చేతి మీదా అదే పిల్లి. మీ తాత అందులో ఎవరన్నది తల మీదా, కాలర్ మీదా, భుజం మీదా ఉన్నవే చెప్పాలి. ఎక్కడ పోరాడాడో చెయ్యి చెబుతుంది, ఎవరి మనిషో తల చెబుతుంది. ఈ ఒక్క సంగతి గుర్తుంటే సగం ఫొటోలు మీరే విడదీసుకోగలరు.

ఇలాంటివే మరికొన్ని: ఎర్ర గద్ద అయితే 4వ డివిజన్, ఆఫ్రికా ఎడారి, ఎరిట్రియాలో కెరెన్, ఆ తర్వాత ఇటలీలో కసీనో. నల్ల గుడ్డ మీద ఎర్రటి గుండ్రం 5వ డివిజన్, దాన్ని అగ్నిగోళం అనేవాళ్లు. పిడికిట్లో బాకు ఉంటే 19వ డివిజన్, మాండలే పట్టుకున్నవాళ్లు. కోడిపుంజు 23వది. ఇస్పేట్ ఆసు కనబడితే పేకాట అనుకోకండి, అది 25వ డివిజన్, బర్మాలో అరకాన్ తీరం వెంట పోరాడింది.

ప్రశ్న: మా నాయన నలుపు తెలుపు ఫొటోను ఒక యాప్‌లో పెట్టి కలర్ చేయించాను, చాలా బాగా వచ్చింది. రొమ్ము మీద రిబ్బన్లు ఆకుపచ్చ, గోధుమ రంగుల్లో వచ్చాయి. అవి ఏ పతకాలు? (పాఠకుడు, తిరుపతి)

జవాబు: ఆ రంగులు మీ నాయనవి కావు, యాప్‌వి. అది ఊహించి వేస్తుంది, గోడకు తగిలించుకోవడానికి బాగుంటుంది గానీ సాక్ష్యంగా పనికిరాదు. ఒరిజినల్ నలుపు తెలుపు ఫొటోనే చూడండి.

అందులోనూ ఒక చిక్కుంది. పాత రోజుల్లో ఆర్థోక్రోమాటిక్ అనే ఫిల్మ్ వాడేవాళ్లు, అది ఎరుపును పట్టదు, ఎర్రటివన్నీ దాదాపు నల్లగా పడతాయి, నీలం మాత్రం తెల్లబారి పడుతుంది. అందుకే పాత ఫొటోలో నల్లగా ఉన్న చార నిజానికి ఎరుపు కావచ్చు. రంగు వదిలేసి చారలు ఎన్ని, ఎంత వెడల్పు, రెండు పక్కలా ఒకేలా ఉన్నాయా లేదా అన్నది లెక్కపెట్టండి. బర్మా స్టార్ అనే పతకం రిబ్బన్ అయితే మధ్యలో వెడల్పుగా ఎరుపు, రెండు పక్కలా ముదురు నీలం, ఆ నీలంలో ఒక్కో నారింజ గీత, అంటే మధ్యకు మడిస్తే రెండు సగాలూ కలుస్తాయి. 1939-45 స్టార్ అలా కలవదు, మూడూ సమానమైన చారలు, ముదురు నీలం, ఎరుపు, లేత నీలం. 1947 స్వాతంత్ర్య పతకానికి కాషాయం, తెలుపు, ఆకుపచ్చ. మధ్యలో తెల్లటి చార ఉండి అటూ ఇటూ ముదురుగా ఉంటే మొదట దాన్నే అనుమానించండి, కాకపోతే సింహాల గుర్తూ, మిగతావీ చూశాకే తేల్చండి.

మీ ఫొటోలో రిబ్బన్లు చూసేవాళ్లకు ఎడమవైపున, అంటే ఆయన కుడి రొమ్ము మీద ఉన్నాయి. అలా పెట్టుకోరు, యుద్ధ పతకాలు ఎడమ రొమ్ము మీదే. చొక్కా బొత్తాములు కూడా ఆడవాళ్ల జాకెట్ లాగా తిరగేసి పడ్డాయి. నెగెటివ్‌ను తిరగేసి ప్రింటు వేశారన్నమాట. ఫోన్‌లోనే అద్దంలో చూసినట్టు తిప్పేయండి, భుజం మీద అక్షరాలు అప్పుడు సరిగ్గా కుదురుతాయి.

ప్రశ్న: మా ముత్తాత పెద్ద తలపాగా, రొమ్ము మీదుగా అడ్డంగా వెడల్పాటి పట్టీ, పట్టీ మీద అరచేతంత ఇత్తడి బిళ్లతో ఉన్నాడు. సైన్యంలో దఫేదారుగా చేశాడని చెప్పుకుంటాం. బిళ్ల మీద నార్త్ ఆర్కాట్ అని ఉంది, మరి మేం ఎప్పుడూ ఆర్కాటు వైపు లేమే? (పాఠకుడు, చంద్రగిరి)

జవాబు: అది డవాలీ బిళ్ల. కలెక్టరాఫీసు, కోర్టు, తాలూకా కచేరీలలో జవాన్లు వేసుకునేది, బిళ్ల బంట్రోతు అని మన పెద్దవాళ్లు అనేది వాళ్లనే. దఫేదారు అన్న మాట వల్లే ఈ గందరగోళం వచ్చుంటుంది. గుర్రపు దళంలో హవల్దారుకు సమానమైన హోదాను దఫేదారు అంటారు, కలెక్టరు దగ్గర ఉండే పెద్ద జవానునూ దఫేదారే అంటారు. మీ ముత్తాత రెండో రకం. సైన్యం బిళ్ల అరచేతంత ఉండదు, రొమ్ము మధ్యలో ఉండదు.

నార్త్ ఆర్కాట్ అని ఉండటం మీకు మంచి ఆధారం. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది. అంతకు ముందు చంద్రగిరి, తిరుపతి వైపంతా నార్త్ ఆర్కాట్ జిల్లాలోనే ఉండేవి, ఆ జిల్లాకు కేంద్రం కూడా చిత్తూరే. అంటే మీ ముత్తాత ఊరు దాటకుండానే ఆర్కాటు బిళ్ల తగిలించుకున్నాడు, ఆ బిళ్ల 1911కి ముందుది అయ్యే అవకాశమే ఎక్కువ. మదనపల్లె, వాయల్పాడు వాళ్లయితే కడప జిల్లా అని వెతుక్కోవాలి. ఆ లెక్కన మీ ఫొటో నాకొచ్చిన మిలిటరీ ఫొటోలన్నిటికంటే పాతది. సైన్యం కాదని తెలిసి ఇంట్లో కాస్త నిరుత్సాహపడొచ్చు గానీ, నేనైతే దీన్నే ముందు ఫ్రేము కట్టిస్తాను.

ప్రశ్న: కుప్పం దగ్గర మా ఊళ్లో ఒకాయన ఇంట్లో దొరికిన బిళ్ల మీద రెండు తలల పక్షి ఉంది. మన సైన్యంలో అలాంటిది ఉందా? (పాఠకుడు, కుప్పం)

జవాబు: గండభేరుండం. మైసూరు మహారాజుల గుర్తు. కుప్పానికి కోలారు ఎంత దూరం, అటువైపు పోయి మైసూరు సంస్థానం సైన్యంలో చేరడంలో వింతేముంది. ఆ సంస్థానానికి సొంత గుర్రపు దళం, కాల్బలం ఉండేవి. మైసూరు లాన్సర్లు, అంటే ఆ గుర్రపు దళం వాళ్లు, మొదటి ప్రపంచ యుద్ధంలో పాలస్తీనా దాకా పోయారు, 1918 సెప్టెంబర్ 23న జోధ్‌పూర్ లాన్సర్లతో కలిసి అక్కడి హైఫా పట్టణాన్ని పట్టుకున్నారు. స్వాతంత్ర్యం వచ్చాక సంస్థానాల దళాలు భారత సైన్యంలో కలిసిపోయాయి, మైసూరు కాల్బలం మద్రాస్ రెజిమెంటులోకి వచ్చింది. అయితే సంస్థానం పోలీసులూ, ప్యాలెస్ ఉద్యోగులూ కూడా ఆ పక్షినే పెట్టుకునేవాళ్లు. కాబట్టి బిళ్ల వెనక కొక్కెం ఎలా ఉంది, పక్షి కింద ఏదైనా పేరు చెక్కి ఉందా చూసి మళ్లీ రాయండి.

ప్రశ్న: 1950లలో తిరుపతి కాలేజీలో తీసిన ఫొటోలో మా పెదనాయన ఖాకీ డ్రెస్సులో ఉన్నాడు. భుజం మీద మూడు అక్షరాలు. (పాఠకురాలు, రేణిగుంట)

జవాబు: ఎన్.సి.సి. 1948లో పెట్టారు, అప్పటి కాలేజీ గ్రూప్ ఫొటోల్లో సగం ఇలాగే ఉంటాయి. టోపీ మీద మూడు రేకుల పువ్వులా ఉంటే మాత్రం స్కౌట్లు, ఎనిమిది మొనల తెల్ల శిలువ అయితే సెయింట్ జాన్ అంబులెన్స్.

ప్రశ్న: మా జేజి దగ్గర తాత పతకాలు రెండు, టోపీ బిళ్ల ఒకటి ఉన్నాయి. నల్లగా అయిపోయాయి, చింతపండుతో తోమమంటారా? ఇంకా వివరాలు ఎక్కడ దొరుకుతాయి? ఒకాయన కొంటానని తిరుగుతున్నాడు. (పాఠకుడు, పలమనేరు)

జవాబు: తోమకండి. చింతపండూ వద్దు, షాపులో దొరికే ఇత్తడి పొడీ వద్దు. పతకం అంచు మీద, అంటే రూపాయి బిళ్లకు గరుకుగా ఉండే చోట, కొన్నిటికి సన్నటి అక్షరాలు ఉంటాయి. సిపాయి నంబరు, హోదా, పేరు, దళం. మొదటి ప్రపంచ యుద్ధం పతకాలకు, స్వాతంత్ర్యం తర్వాత మన ప్రభుత్వం ఇచ్చినవాటికి ఇలా ఉంటాయి. గట్టిగా తోమితే ముందు పోయేది ఆ గీతలే. మెత్తటి పొడి గుడ్డతో దుమ్ము తుడిచి, కిటికీ దగ్గర కూర్చుని అంచును వెలుతురికి ఏటవాలుగా పట్టి కొద్దికొద్దిగా తిప్పుతూ పోండి, ఒక్కో అక్షరం తేలుతుంది. పక్కన ఎవరినైనా కూర్చోబెట్టుకుని రాయించండి, పేరు స్పెల్లింగ్ ఎంత వింతగా ఉన్నా ఉన్నది ఉన్నట్టే. అప్పటి గుమాస్తాలు తెలుగు పేర్లను ఇష్టమొచ్చినట్టు రాశారు, రికార్డుల్లో వెతికేటప్పుడు ఆ తప్పు స్పెల్లింగే పనికొస్తుంది.

ఆ నంబరు దొరికితే చాలావరకు దారి దొరికినట్టే. దాంతో పాటు డిశ్చార్జి పుస్తకం గానీ, మీ జేజికి ఫ్యామిలీ పెన్షన్ వస్తుంటే ఆ పెన్షన్ ఆర్డరు గానీ పట్టుకుని చిత్తూరులో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లండి, అక్కడి నుంచి ఆ దళం రికార్డు ఆఫీసుకు ఎలా రాయాలో చెబుతారు. మద్రాస్ రెజిమెంటుదైతే నీలగిరుల్లో వెల్లింగ్టన్, ఇంజనీర్లదైతే బెంగుళూరు. యుద్ధంలో చనిపోయినవాళ్ల కోసం వెతికేవాళ్లకు ఇంకో దారి ఉంది. కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వాళ్ల జాబితా ఇంటర్నెట్‌లో ఉచితంగా చూడొచ్చు, అందులో చాలా పేర్ల పక్కన తండ్రి పేరు, ఊరు, జిల్లా కూడా ఉంటాయి. బర్మాలో పోయి శరీరం దొరకని వాళ్ల పేర్లు రంగూన్ దగ్గర తౌక్యాన్‌లో రాతి స్తంభాల మీద చెక్కి ఉన్నాయి, దాదాపు 27,000 మంది.

కొంటానని తిరిగే మనిషికి అంచు మీద అక్షరాలు చదవకముందే ఇవ్వొద్దు, ఫొటో కూడా తీయనివ్వొద్దు. పేరున్న పతకం, బిళ్ల, ఫొటో, కాగితం నాలుగూ ఒకే మనిషివి అయి కలిసి ఉన్నప్పుడు వాటికి విలువ, విడదీసి అమ్మితే ఆ పేరు ఎవరిదో కొన్నవాడికీ తెలియదు, మీ మనవళ్లకూ తెలియదు.

ఫొటోలు పంపేవాళ్లకు: వాట్సాప్‌లో మామూలుగా పంపితే అది కుదించేస్తుంది, భుజం మీద అక్షరాలు పేలిపోయి చుక్కలు మిగులుతాయి. జెరాక్స్ షాపులో 1200 డీపీఐ స్కాన్ అని అడిగి తీయించి డాక్యుమెంటుగా పంపండి. ఫొటో అద్దానికి అతుక్కుపోయి ఉంటే పీకకండి, అద్దంతోనే తీయించండి. వెనక వైపు కూడా ఒక స్కాన్, ఖాళీగా ఉన్నా సరే.